చక్కీ తిరుగుతుంటే దిల్ నిలిచేది

నిరుడు రంజాన్‌కు ముందు నా నిద్ర చెడిపోయింది. పేపర్ ఆఫీసులో నైట్ డ్యూటీ. చివరి పేజీ పంపించి, రెండింటికి ఇల్లు చేరి పడుకుంటే కళ్లు మూతపడేవి, దిమాగ్ మాత్రం మూతపడేది కాదు. హెడ్డింగులో తప్పేమైనా పోయిందా, అమ్మాయి ఫీజు ఎప్పటిలోగా కట్టాలి, ఫలానాయన ఆ మాట ఎందుకన్నాడు... ఒక ఖయాల్ పోతే ఇంకొకటి. ఫజర్ అజాన్ వినపడేదాకా ఇదే తమాషా. నమాజ్‌లో నిలబడినా అంతే. సలాం ఫేరిన తర్వాత ఎన్ని రకాతులు చదివానో నాకే షక్ వచ్చేది.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నా అవస్థ చూసి ఫోన్‌లో ఒక యాప్ వేసిపెట్టింది. అందులో ఒక గొంతు మెల్లగా ఇంగ్లిష్‌లో చెబుతుంది. ఊపిరి లోపలికి పోవడం గమనించాలట, బయటికి రావడం గమనించాలట. మధ్యలో ఏదైనా ఖయాల్ వస్తే దాంతో కొట్లాడకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి రావాలట. దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారని అమ్మాయి చెప్పింది.

అమ్మీ పక్కనే కూర్చుని మెంతికూర తుంచుతోంది. కాసేపు విని, "యే క్యా బోల్‌రీ రే?" అంది. సగం ఉర్దూలో సగం తెలుగులో చెప్పాను. నవ్వింది. "ఇత్తాచ్? మా అమ్మ చక్కీ దగ్గర చేసింది ఇదేగా బేటా. దానికి ఫోన్ కైకూ?"

మా నానీది ఆదోని. తెల్లవారకముందే లేచి జొన్నలు విసిరేది. తెలుగువాళ్లు ఇసుర్రాయి అనే దాన్ని మా ఇళ్లలో చక్కీ అంటాం. విసురుతూ నానీ ఏదో గుణుక్కునేదట. అమ్మీకి ఆ మాటలు గుర్తులేవు. అల్లాహ్ పేరు గుర్తుంది, రాయి తిరిగే లయ గుర్తుంది. "ఆ సవ్వడికే మాకు నిద్ర పట్టేది, ఆ సవ్వడికే మెలకువ వచ్చేది" అంది.

అమ్మీ మాటను ఆ రోజు ముసలివాళ్ల ముచ్చట కిందే కట్టేశాను. కానీ పాత్రికేయుడికి ఒక బీమారీ ఉంటుంది, విన్నదాన్ని వెతకకుండా ఉండలేడు. వెతికాను. అమ్మీ చెప్పింది ముచ్చట కాదు, తారీఖ్ అని తేలింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. "అన్నీ మనవాళ్లే కనిపెట్టారు" అనే ఫఖర్ కోసం ఇది రాయడం లేదు. ఊపిరి మీద ధ్యాస నిలపడం బౌద్ధులు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ చేస్తున్నారు. ఇప్పుడు యాపుల్లోకి వచ్చింది కూడా ఆ దారిలోనే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ బౌద్ధ ధ్యానం నుంచి తీసుకుని, ఆస్పత్రికి వచ్చే రోగుల కోసం ఎనిమిది వారాల కోర్సు తయారుచేశాడు. ఎవరి హక్ వాళ్లకు ఇవ్వాలి. నా సవాల్ వేరే. పరుగెత్తే దిమాగ్‌తో మన బుజుర్గులు ఏం చేశారు? అది మా నానీ చక్కీ దాకా ఎలా వచ్చింది?

మొదట బల్ఖ్ పోదాం. ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని ఊరు. 9వ శతాబ్దం మధ్యలో అక్కడ పుట్టిన అబూ జైద్ అల్-బల్ఖీ, 934లో వఫాత్ అయ్యాడు. ఆయన రాసిన కితాబ్ పేరు 'మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్', అంటే శరీరాలకూ నఫ్స్‌లకూ మేలు చేసేవి. దాని రాతప్రతి ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉంది. వైద్యులు శరీరం గురించే రాస్తున్నారు, నఫ్స్ బీమారీల గురించి కూడా రాయాలన్నది బల్ఖీ ఫిర్యాదు. కోపం, భయం, దుఃఖం, వస్వసా అని నాలుగింటిని విడదీసి ఒక్కొక్కదానికీ ఇలాజ్ రాశాడు. దుఃఖంలో రెండు రకాలున్నాయన్నాడు. ఒకటి కారణం తెలిసినది, ఆప్తులు పోయినప్పుడో, సొమ్ము పోయినప్పుడో వచ్చేది. రెండోది కారణం తెలియకుండా వచ్చేది. ఈ రెండోదానికి మూలం శరీరంలోనే ఉండవచ్చు, దానికి శరీరవైద్యం కూడా కావాలన్నాడు. ఇంట్లో మందులు ముందే సిద్ధంగా పెట్టుకున్నట్టు, మనసు బాగున్న రోజుల్లోనే మంచి ఖయాల్‌లను సిద్ధంగా పెట్టుకొమ్మన్నాడు, కష్టం వచ్చినప్పుడు పనికొస్తాయని.

ఇది చదివినప్పుడు మా భాంజా గుర్తొచ్చాడు. డిగ్రీ రెండో ఏడాదిలో వాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. మా ఖాన్‌దాన్‌లో అందరం ఒకటే మాట అన్నాం. "ఈమాన్ కమ్‌జోర్ అయింది, నమాజ్ సరిగ్గా చదివితే అంతా ఠీక్ అయిపోతుంది." నేనూ అన్నాను. వాడు నమాజ్ చదువుతూనే ఉన్నాడు, కుంగిపోతూనే ఉన్నాడు. ఎనిమిది నెలల తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మందులు వాడాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. వెయ్యేళ్ల కిందటే ఒక ముస్లిం ఆలిమ్, ఇలాంటి దుఃఖానికి శరీరవైద్యం కావాలని రాసిపెట్టాడని అప్పుడు తెలిసుంటే, ఆ ఎనిమిది నెలలు వాడికి మిగిలేవి. అందుకే అసలు కథకు ముందే ఈ గీత గీస్తున్నాను. అలసిన దిమాగ్ వేరు, బీమార్ పడిన దిమాగ్ వేరు. కింద రాసేదంతా మొదటిదాని గురించే.

ఇప్పుడు బగ్దాద్. 1095వ సంవత్సరం. నిజామియా మదర్సాలో ఇమామ్ గజాలీ దర్స్ ఇస్తున్నాడు. ముందు కూర్చునే తాలిబె ఇల్మ్ మూడు వందల మంది. ఖలీఫా దర్బారులో ఇజ్జత్, సుల్తాన్ దగ్గర పలుకుబడి. అలాంటి మనిషికి ఒక రోజు మాట ఆగిపోయింది. దర్స్ చెబుదామంటే నాలుక కదలదు. ముద్ద మింగుడుపడదు. వచ్చిన హకీములు ఇది దిల్‌లో మొదలై ఒంట్లోకి దిగిందని, మనసుకు నెమ్మది దొరికితే తప్ప తమ దవా పనిచేయదని చెప్పి వెళ్లిపోయారు. ఆరు నెలలు "పోవాలా, ఉండాలా" అనే కష్మకష్‌లో గడిపాడు. చివరికి కొలువు వదిలేసి దమిష్క్ వెళ్లిపోయాడు. ఇదంతా ఇమామ్ తానే తన ఆత్మకథ 'అల్-మున్‌ఖిజ్'లో రాసుకున్నాడు. దాచుకోలేదు. అంత పెద్ద ఆలిమ్, "నా మనసు నా మాట వినలేదు" అని లోకం ముందు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఆయన 'ఎహ్యా ఉలూముద్దీన్'లో నలభై కితాబ్‌లున్నాయి. ముప్ఫై ఎనిమిదోది మురాఖబా, ముహాసబాల గురించి. మురాఖబా అంటే కనిపెట్టుకుని ఉండడం. అర్-రఖీబ్ అన్న అల్లాహ్ పేరుకూ దీనికీ ధాతువు ఒకటే. ముహాసబా అంటే హిసాబ్ చూసుకోవడం. గజాలీకి రెండు వందల ఏళ్ల ముందే బగ్దాద్‌లో హారిస్ అల్-ముహాసిబీ (వఫాత్ 857) ఎంతగా తన నఫ్స్ హిసాబ్ చూసుకున్నాడంటే, అదే ఆయన పేరైపోయింది.

గజాలీ దీన్ని దుకాణం లెక్కలోకి దించాడు. వ్యాపారి తన భాగస్వామితో పొద్దున షరతులు మాట్లాడుకుంటాడు, పగలంతా ఒక కన్ను వేసి ఉంచుతాడు, రాత్రి లెక్క చూస్తాడు. నఫ్స్‌తోనూ అంతే చేయమన్నాడు. పొద్దున షరతు, పగలు మురాఖబా, రాత్రి ముహాసబా. ఇందులో నాకు నచ్చింది పగటి పని. కొట్టు మూసి కూర్చొమ్మనలేదు. బేరం జరుగుతుండగానే కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఇక్కడ హదీసె జిబ్రీల్ గుర్తుకు రావాలి. ఎహ్‌సాన్ అంటే ఏమిటని అడిగినప్పుడు రసూలుల్లాహ్ (స) ఇచ్చిన జవాబు సారం మనందరికీ తెలుసు. నువ్వు చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడన్న ఎరుకతో ఉండడం. మురాఖబాకు వేరు అదే.

అక్కడి నుంచి బుఖారా వైపు. నఖ్ష్‌బందీ సిల్‌సిలాలో ఫార్సీలో ఎనిమిది ఉసూల్‌లున్నాయి. ఖ్వాజా అబ్దుల్ ఖాలిఖ్ గిజ్‌దువానీ పేరు మీద వస్తాయి. ఖ్వాజా బహావుద్దీన్ నఖ్ష్‌బంద్ (1318-1389) వాటికి ఇంకో మూడు కలిపాడు. మా ఉర్దూ మీడియం బడిలో మౌల్వీ సాబ్ వీటిలో కొన్ని నోటికి చెప్పించారు. బట్టీ పెట్టాం, అర్థం చేసుకోలేదు. ఇప్పుడు చూస్తే ఒక్కొక్కటీ రెండు మూడు మాటలే. హోష్ దర్ దమ్: ప్రతి ఊపిరిలో ఎరుక. నజర్ బర్ ఖదమ్: చూపు నీ అడుగు మీద. ఖల్వత్ దర్ అంజుమన్: గుంపు మధ్య ఏకాంతం.

ఈ చివరిదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గుహలోకి పోయి కూర్చునేవాడికి ఏకాంతం దొరకడంలో వింత లేదు. బజారులో, పనిలో, పిల్లల గోలలో దొరకాలి. నఖ్ష్‌బందీల జిక్ర్ ఎక్కువగా మౌనంగా సాగేది కూడా అందుకు సరిపోయింది. చేతులు పనిలో, పెదవులు మూసి, దిల్ లోపల జిక్ర్‌లో. పక్కవాడికి తెలియను కూడా తెలియదు.

ఈ సిల్‌సిలా మన దక్కన్‌కూ దిగింది. ఆలంగీర్ ఔరంగజేబ్ కాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చిన నఖ్ష్‌బందీ బుజుర్గ్ బాబా షా ముసాఫిర్, ఔరంగాబాద్‌లో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఆ ఊరు ఛత్రపతి సంభాజీనగర్. హైదరాబాద్‌కు ముందు ఆసఫ్‌జాహీల గద్దె అక్కడే ఉండేది. ఆయన ఖాన్‌ఖాలో ఇప్పటికీ చూడదగ్గది పన్‌చక్కీ. దూరాన ఉన్న ఊటల నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చి, ఎత్తు నుంచి వదిలి, ఆ వేగంతో తిరగలి తిప్పేవాళ్లు. వచ్చిపోయే ఫకీర్లకూ ముసాఫిర్లకూ పిండి ఇక్కడే. జిక్ర్ చేసేచోట పక్కనే చక్కీ పెట్టినవాళ్లకు ఇబాదత్ వేరు, రొట్టె వేరు అన్న ఆలోచన లేదనుకుంటాను.

కానీ మా నానీ చక్కీకి నీళ్లు లేవు, ఆమె చేతులే ఉన్నాయి. ఆ కథ కోసం బీజాపూర్ పోవాలి.

1400 ప్రాంతంలో, తైమూర్ దాడి తర్వాత, ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ (1321-1422) ఢిల్లీ వదిలి గుల్బర్గాలో దిగాడు. చిష్తీ సిల్‌సిలా ఆయనతో ఇక్కడ పాతుకుపోయింది. ఆ తీగకే చెందిన మీరాఁజీ షమ్సుల్ ఉష్షాఖ్ బీజాపూర్ బయట షాపూర్ గుట్ట మీద ఖాన్‌ఖా కట్టుకున్నాడు. ఆయన తర్వాత కొడుకు బుర్హానుద్దీన్ జానమ్, మనవడు అమీనుద్దీన్ ఆలా (వఫాత్ 1675). ఈ ఖాన్‌దాన్, వీళ్ల మురీదులు ఒక పని చేశారు. లోతైన విషయాలను ఆలిముల ఫార్సీలోనే ఉంచేయకుండా దక్కనీలో రాశారు. ఇంట్లో మనం ఇప్పటికీ "నక్కో", "కైకూ" అంటూ మాట్లాడే జబాన్ అది. బడిలో ఉర్దూ మాస్టారు ఇది గల్తీ ఉర్దూ అని మమ్మల్ని తిట్టేవాడు. ఆ గల్తీ ఉర్దూలోనే బుజుర్గులు మారిఫత్ చెప్పారు.

అందులో ఒక రకం చక్కీనామా. ఆడవాళ్లు పిండి విసురుతూ పాడుకునే పాట. అలాగే నూలు వడికేటప్పుడు చర్ఖానామా, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు లోరీనామా. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ఈ పాటల రాతప్రతులు చదివి, 1978లో వచ్చిన 'సూఫీస్ ఆఫ్ బీజాపూర్'లో వీటి గురించి వివరంగా రాశాడు.

చక్కీనామాలో చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది. చక్కీ పిడి నిటారుగా నిలబడి ఉంటుంది కదా, అది అలిఫ్, అల్లాహ్ పేరులో మొదటి అక్షరం. పిడి పట్టుకున్నప్పుడల్లా చేతికి ఆ అక్షరం తగులుతుంది. నడుమ కదలకుండా ఉన్న ఇరుసు రసూల్ (స). చుట్టూ రాయి ఎంత తిరిగినా అది మాత్రం కదలదు. తిప్పుతూ జిక్ర్ చేయమంటుంది పాట. చర్ఖానామా ఇంకా ముందుకు పోతుంది. పత్తి తీసుకునేటప్పుడు పైకి వినపడే జిక్ర్, విడదీసేటప్పుడు దిల్ జిక్ర్, నూలు చుట్టేటప్పుడు ఇంకా పై మెట్టు జిక్ర్. ఊపిరే దారం. పొట్టలో నుంచి ఛాతీ మీదుగా గొంతులోకి దాన్ని లాగాలి, పోగులు లెక్కపెట్టినట్టు ఊపిరులు లెక్కపెట్టాలి.

ఇది చదివి ఫోన్ యాప్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఊపిరి చూడు, లెక్కపెట్టు, ఖయాల్ పారిపోతే మళ్లీ పిడి దగ్గరికి రా. బుఖారాలో మురీదులు వల్లించుకున్న హోష్ దర్ దమ్ లాంటిదే, ఇంకో సిల్‌సిలా దారిలో, మదర్సా గడప తొక్కని ఆడదాని చేతిలోకి వచ్చి చేరింది. ఆమె దీనికోసం ప్రత్యేకంగా టైం తీయక్కర్లేదు. పిండి ఎలాగూ విసరాలి. ఈటన్ ఇంకో మాట కూడా అంటాడు. దక్కన్ పల్లెల్లో ఇస్లాం మాటలు ఇళ్లలోకి చేరడంలో ఈ పాటలకు పెద్ద చేయి ఉందని. తల్లి విసురుతుంటే ఒళ్లో ఉన్న బిడ్డ చెవిలో పడేది ఈ పాటే కదా. పుస్తకాల్లో పీర్ల పేర్లున్నాయి. పాడి బతికించిన ఆడవాళ్ల పేర్లు ఏ కితాబ్‌లోనూ లేవు.

ఆదోనికి, బీజాపూర్‌కు ఉన్న రిష్తా కూడా చెప్పాలి. 1565లో తల్లికోట యుద్ధం తర్వాత విజయనగరం చేతిలోంచి జారి ఆదోని బీజాపూర్ ఆదిల్‌షాహీల కిందికి వచ్చింది. ఇప్పటికీ ఊళ్లో నిలబడి ఉన్న జామా మసీదును 17వ శతాబ్దంలో కట్టించింది బీజాపూర్ అమీర్ సిద్దీ మసూద్ ఖానే. 1686లో బీజాపూర్ మొగలుల చేతికి పోయింది, ఆ తర్వాత ఆదోని కూడా పోయింది. సుల్తనత్‌లు పోయాయి, జబాన్ మిగిలింది. మా నానీ మాట్లాడింది ఆ జబానే.

ఇదంతా ఖుషీగా అమ్మీకి చదివి వినిపించాను. అలిఫ్ సంగతి చెప్పినప్పుడు కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆమె అన్న మాటకు నా ఖుషీ సగానికి దిగింది.

"బాగుంది బేటా. కానీ అమ్మ చేతులు నువ్వు చూళ్లేదు. ఇక్కడ," బొటనవేలి కింద చూపించింది, "ఎప్పుడూ పుండే. తొమ్మిది మందికి రొట్టెలు. పాడకపోతే ఆ రాయి తిరగదు. ఊళ్లో కరెంటు గిర్నీ వచ్చిన రోజు అమ్మ షుకరానా నమాజ్ చదివింది."

అమ్మీ చెప్పింది నిజం. కూర్చుని రాసేవాళ్లకు చక్కీ అందంగానే కనిపిస్తుంది. అది గాడిద చాకిరి. ఆ చాకిరిని మళ్లీ ఎవరి నెత్తినా పెట్టకూడదు, ముఖ్యంగా ఆడవాళ్ల నెత్తిన. నేను తెచ్చుకోవాల్సింది చక్కీని కాదు. ఎంత బరువైన పనిలోనైనా దిల్‌కు ఒక పిడి దొరుకుతుందన్న ఆ తాలీమ్‌ను తెచ్చుకోవాలి. చాకిరి నానీది, అందులో ఆమె వెతుక్కున్న సుకూన్ కూడా నానీదే. రెండోదాన్ని మెచ్చుకుంటూ మొదటిదాన్ని మరిచిపోతే అది నమక్ హరామీ అవుతుంది.

గిర్నీ వచ్చాక చక్కీ మూలకు పోయింది, దాంతో పాట కూడా పోయింది. మన చేతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ చేతుల్లోకి ఇప్పుడు ఫోన్ వచ్చింది. చక్కీ తిరుగుతుంటే నానీ దిల్ నిలిచేది. నా చేయి నిలిచి ఉంటుంది, తెర మీద బొటనవేలొక్కటే ఆడుతుంటుంది, దిల్ మాత్రం తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు నేను చేసేది చాలా చిన్నది. యాప్ తీసేయలేదు, అమ్మాయి మనసు నొప్పించడం ఎందుకు. వుజూ చేసేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో పెడతాను. నీళ్లు మోచేతి నుంచి జారేదాకా చూస్తాను. మూడుసార్లు అన్నది మూడుసార్లే, తొందర లేకుండా. బండి మీద సిగ్నల్ దగ్గర ఆగితే ఊపిరితో అల్లాహ్ పేరు, పచ్చ లైటు పడేదాకా. రాత్రి పడుకునే ముందు గజాలీ చెప్పిన లెక్క ఒక్క నిమిషం, ఈ రోజు ఎవరి హక్ తిన్నాను, ఎవరికి జవాబు బాకీ ఉన్నాను అని. లెక్క చూశాక కొట్టు మూసేస్తాను. మూయడం కూడా హిసాబ్‌లో భాగమే. నా ఇబ్బందంతా రాత్రంతా కొట్టు తెరిచి పెట్టుకోవడమేనని అప్పుడర్థమైంది.

రోజూ కుదరదు. డెస్కు మీద పెద్ద వార్త పడిన రాత్రి అన్నీ మరిచిపోతాను. రకాతుల షక్ పూర్తిగా పోలేదు, తగ్గింది. నిద్ర కూడా అంతే, వారంలో నాలుగైదు రాత్రులు వస్తోంది.

మొన్న సెహెన్‌లో మూలకున్న చక్కీ పైరాయిని అమ్మీ బోర్లించి, దాని మీద పుదీనా కుండీ పెట్టింది. పిడి ఎప్పుడో పోయింది, దాని చిల్లు మాత్రం ఉంది. నేను వేలు పెట్టి చూస్తుంటే అడిగింది, "క్యా దేఖ్‌రా?"

"అలిఫ్ ఇక్కడే ఉండేది కదా అమ్మీ" అన్నాను.

"ఆఁ, ఉండేది. చల్, నీళ్లు పొయ్ కుండీకి. మెల్లగా పొయ్."